గుమాస్తా బల్ల దాకా వచ్చిన చట్టం

కొన్నేళ్ళ క్రితం సరిహద్దు జిల్లాలోని ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఒక కక్షిదారుని వెంట వెళ్ళాను. ఆయన వయసు డెబ్బై దాటింది. నాలుగు తరాలుగా ఆ ఊళ్ళోనే సేద్యం చేసుకొంటున్న తెలుగు కుటుంబం. పొలం హద్దుల విషయమై స్వయంగా తెలుగులో రాసుకొచ్చిన అర్జీని ఆయన గుమాస్తా ముందు పెట్టారు. గుమాస్తా దానిని చదవకుండానే వెనక్కు జరిపి, ఇక్కడి భాషలో రాయించుకొని రమ్మన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అవమానించాలన్న ఉద్దేశమూ కనిపించలేదు. అది అతనికి అలవాటైన మాట, అంతే. పెద్దాయన బయటికి వచ్చి, చెట్టు కింద కూర్చున్న అర్జీలు రాసే మనిషికి డబ్బిచ్చి రాయించుకొన్నారు. తాను చదవలేని ఆ కాగితం అడుగున తెలుగులో సంతకం చేశారు.

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం మీ అర్జీని తెలుగులోనే ఇచ్చే హక్కు మీకున్నదని నేను చెప్పాను. ఆయన నవ్వి, "ఆ సంగతి లోపలి గుమాస్తాకు ఎవరైనా చెప్పారా, లాయరు గారూ?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ వివిధ దేశాల అల్పసంఖ్యాక భాషా చట్టాలను చదువుతున్న రోజుల్లోనే బెర్నార్ గ్రాన్‌మెత్ర్ అనే కెనడా రాజకీయ నాయకుని గురించి తెలుసుకొన్నాను. ఆయన దేశప్రధాని కాదు, రాష్ట్రస్థాయి ప్రభుత్వంలో కొద్ది సంవత్సరాలు మాత్రమే మంత్రిగా ఉన్నారు. ఆయన పేరు మన పాఠకులలో అనేకులు విని ఉండరు. అయినా సరిహద్దు తెలుగువారు తెలుసుకోదగిన జీవితం అది. హక్కును రాజ్యాంగపు పుట నుండి గుమాస్తా బల్ల దాకా తీసుకురావడం ఎలాగో ఆయన చేసి చూపించారు.

కెనడాలో క్యుబెక్ ప్రావిన్సులో ఫ్రెంచివారు అధికసంఖ్యాకులు. దాని పొరుగున ఉన్న ఆంటారియో ప్రావిన్సులో వారు అల్పసంఖ్యాకులు, నూటికి సుమారు ఐదుగురు. వీరు నిన్న మొన్న వలస వచ్చినవారు కారు. అనేక తరాలుగా అక్కడ స్థిరపడినవారు. తమ భాష పొరుగు ప్రావిన్సులో అధికార భాష, తామున్న చోట మాత్రం ఇంటి భాష. ఈ స్థితి ఎటువంటిదో మనకు ఎవరూ వివరించనక్కరలేదు. యానాం పాఠకులకైతే ఫ్రెంచి భాషే కొత్త కాదు. 1954 వరకు అక్కడి పాలన నడిచినది ఆ భాషలోనే.

ఆంటారియో ఫ్రెంచివారి కథలో తొలి గాయం పాఠశాలకు తగిలింది. 1912లో ఆ ప్రభుత్వం "17వ నిబంధన" అనే ఉత్తర్వును తెచ్చి, ఫ్రెంచి బోధనను ప్రాథమిక విద్యలోని తొలి రెండు సంవత్సరాలకు పరిమితం చేసింది. ఒట్టావా నగరంలోని గీగ్ పాఠశాలలో 1916లో తమ ఉపాధ్యాయినులను కాపాడుకొనడానికి తల్లులు టోపీ సూదులు చేతబట్టి ద్వారం దగ్గర కాపలా కాశారు. 1927 వరకు ఆ ఉత్తర్వు అమలు ఆగలేదు. పదిహేనేళ్ళు అంటే ఒక తరం పిల్లల బడిచదువు. ఆ తరం పోగొట్టుకొన్నది మరల రాలేదు.

గ్రాన్‌మెత్ర్ 1933లో ఆ ఒట్టావా నగరాన్ని ఆనుకొని ఉన్న ఈస్ట్‌వ్యూ అనే చిన్న పట్టణంలో జన్మించారు. 1969లో ఆ పట్టణానికి వానియే అని పేరు మార్చారు. ఫ్రెంచి మాట్లాడే కుటుంబాలు దట్టంగా నివసించిన ప్రదేశం అది. గ్రాన్‌మెత్ర్ ఆ పట్టణ రాజకీయాలలోనే ఎదిగి, 1970ల దశకంలో దానికి మేయరు అయ్యారు. పన్ను చీటీ, నీటి కొళాయి, వీధి దీపం, ఇంటి అనుమతి పత్రం వంటి వ్యవహారాలతో మేయరుకు నిత్యం పని. పౌరునికి ప్రభుత్వం ఎదురయ్యేది శాసనసభలో కాదు, ఇటువంటి చోట్లనే. ఆ అనుభవం ఆయనకు తరువాత ఎంతగా అక్కరకు వచ్చిందో ఆయన తెచ్చిన చట్టాన్ని చదివితే అర్థమవుతుంది.

ఆయనకు ముందు ప్రయత్నాలు జరగలేదని కాదు. ఒట్టావా తూర్పు నియోజకవర్గ శాసనసభ్యుడు ఆల్బర్ట్ రాయ్ 1978లో ఫ్రెంచి సేవల కోసం ఒక అనధికార బిల్లు పెట్టారు. అది రెండవ పఠనం దాటింది. అంతలోనే నాటి ప్రభుత్వాధినేత విలియం డేవిస్ దానిని ముందుకు సాగనివ్వబోమని ప్రకటించారు. 1982లో కెనడా కొత్త రాజ్యాంగ చట్టం వచ్చినప్పుడు సైతం ఆంటారియోను ద్విభాషా ప్రావిన్సుగా ప్రకటించడానికి డేవిస్ అంగీకరించలేదు. పెద్ద ద్వారం ఆ విధంగా మూసుకొన్నది.

1984 డిసెంబరులో అదే ఒట్టావా తూర్పు స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో గ్రాన్‌మెత్ర్ లిబరల్ పార్టీ పక్షాన గెలిచారు. 1985 మే ఎన్నికలలో మొత్తం 125 స్థానాలలో కన్సర్వేటివులకు 52, లిబరళ్ళకు 48, న్యూ డెమోక్రాట్లకు 25 వచ్చాయి. లిబరళ్ళు, న్యూ డెమోక్రాట్లు ఒప్పందం చేసుకొనడంతో 42 ఏళ్ళ కన్సర్వేటివ్ పాలన ముగిసింది. జూన్‌లో డేవిడ్ పీటర్సన్ మంత్రివర్గం ఏర్పడింది. గ్రాన్‌మెత్ర్‌కు పురపాలక వ్యవహారాల శాఖతో పాటు ఫ్రెంచివారి వ్యవహారాల బాధ్యతను అప్పగించారు.

ఆయన ప్రవేశపెట్టిన 8వ బిల్లు 1986 నవంబరు 18న శాసనసభలో ఏకగ్రీవంగా ఆమోదం పొంది "ఫ్రెంచి భాషా సేవల చట్టం" అయింది. మైనారిటీ ప్రభుత్వం, ప్రతిపక్షంలో దశాబ్దాల తరబడి పాలించిన పార్టీ, అయినా ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదు.

న్యాయవాదిగా నేను ఆ చట్టాన్ని మెచ్చుకొనడానికి కారణాలు నాలుగు. మొదటిది, ప్రావిన్సు ప్రభుత్వ ప్రధాన కార్యాలయాల నుండీ, నిర్ణీత ప్రాంతాలలోని కార్యాలయాల నుండీ ఫ్రెంచిలో సేవ పొందడం పౌరుని హక్కు అని అది స్పష్టంగా చెప్పింది. అధికారి దయ అని చెప్పలేదు. రెండవది, ఆ ప్రాంతాలేవో ఊహకు వదలక, పట్టికలో పేరుపేరునా రాసింది. ఫ్రెంచివారు జనాభాలో 10 శాతమున్న ప్రాంతం, లేదా 5,000 మంది ఉన్న పట్టణం అనేది ఆ ఎంపికకు కొలబద్ద. మూడవది, ప్రతి మంత్రిత్వ శాఖలో ఈ పని చూసే సమన్వయాధికారి ఒకరుండాలని, ఆ శాఖలోని అత్యున్నత అధికారి దీని అమలుకు జవాబుదారీ అని శాసించింది. నాల్గవది, శాఖలు సిద్ధపడడానికి మూడేళ్ళ గడువిచ్చింది. ఆ గడువు తీరిన 1989 నవంబరు నుండి చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది.

"లోపలి గుమాస్తాకు ఎవరైనా చెప్పారా?" అన్న మా పెద్దాయన ప్రశ్నకు సమాధానం ఆ మూడవ అంశంలో ఉన్నది. గుమాస్తాకు చెప్పవలసిన మనిషి ఎవరో చట్టమే పేర్కొన్నది.

లోపం లేదా? ఉన్నది, అదీ చిన్నది కాదు. పురపాలక సంఘాలను ఆ చట్టం నిర్బంధించలేదు. కావాలనుకొన్న పట్టణం తన ఉపనిబంధన ద్వారా ఫ్రెంచి సేవలు కల్పించుకోవచ్చునని మాత్రమే చెప్పింది. చట్టాన్ని తెచ్చినవాడు మాజీ మేయరు, పురపాలక మంత్రి. ఆ చట్టం పరిధిలోకి రానివి పురపాలక సంఘాలే! ఆంటారియోను ద్విభాషా ప్రావిన్సుగానూ అది ప్రకటించలేదు. వృత్తిలో చేరిన తొలి రోజుల్లో దీనిని చదివినప్పుడు ఇది సగం చట్టమని, రాజీ అని నేను పెదవి విరిచాను. హక్కు అంటే సంపూర్ణంగా ఉండాలి, లేకుంటే వద్దు అనే వయసు అది. న్యాయస్థానాల మెట్లెక్కి దిగిన తరువాత నా అభిప్రాయం మారింది. ఎన్నడూ అమలు కాని సంపూర్ణ వాగ్దానం కంటే, అమలు జరిపించగల పరిమిత హక్కు కక్షిదారునికి ఎక్కువ మేలు చేస్తుంది. ఆ తరువాతి చరిత్ర నా ఈ మాటకు సాక్ష్యం.

చట్టం అమలులోకి రాబోతున్న తరుణంలోనే వ్యతిరేకత రేగింది. ఇకపై అందరూ ఫ్రెంచి నేర్వవలసిందేనన్న ప్రచారాన్ని ఆంగ్ల భాషా పరిరక్షణ పేరిట వెలసిన సంఘాలు సాగించాయి. దీనికి ఆజ్యం పోసినది పొరుగు ప్రావిన్సు. 1988 డిసెంబరులో క్యుబెక్ ప్రభుత్వం దుకాణాల వెలుపలి బోర్డులపై ఫ్రెంచి తప్ప మరొక భాష ఉండరాదని శాసించింది. ఆ కోపాన్ని ఆంటారియోలోని కొందరు తమ ఇరుగుపొరుగు ఫ్రెంచి కుటుంబాలపై చూపారు. 1990 జనవరిలో సూ సెయింట్ మరీ నగరపాలక మండలి, ఆంగ్లమొక్కటే తమ నగర అధికార భాష అని తీర్మానించింది. చట్టం ఏ నగరాన్నీ నిర్బంధించనే లేదు. లేని నిర్బంధాన్ని వారు తిరస్కరించారు. ఇతర పట్టణాలు అనేకం అదే బాట పట్టాయి. 1994లో న్యాయస్థానం ఆ తీర్మానాన్ని కొట్టివేసింది. 2010లో ఆ నగర మేయరు ఫ్రెంచివారికి క్షమాపణ చెప్పారు.

ఎక్కడో తీసుకొన్న నిర్ణయానికి ఇక్కడి అల్పసంఖ్యాకుడు మూల్యం చెల్లించడం మనకూ అనుభవమే. రెండు రాష్ట్రాల నడుమ నీటి తగాదా ముదిరిన ప్రతిసారీ, ఆ నీటితో ఏ సంబంధమూ లేని సరిహద్దు తెలుగు దుకాణదారు తన బోర్డు వంక ఒకసారి చూసుకొంటాడు.

గ్రాన్‌మెత్ర్ 1987 ఎన్నికల తరువాత రెవెన్యూ మంత్రి అయ్యారు. 1989లో మంత్రివర్గం నుండి వైదొలగవలసి వచ్చింది. 1990లో లిబరల్ ప్రభుత్వమే ఓడిపోయింది. ఆయన మాత్రం తన స్థానాన్ని నిలుపుకొని, 1995లో మరల గెలిచి, 1999లో శాసనసభ నుండి విరమించారు. అంటే తాను తెచ్చిన చట్టం పూర్తిగా అమలులోకి వచ్చేనాటికే ఆయన చేతిలో అధికారం లేదు. మంత్రి పోయినా నిలిచేదే మంచి చట్టం. ఆ పరీక్ష కూడా త్వరలోనే వచ్చింది.

1997 ఫిబ్రవరిలో మైక్ హారిస్ ప్రభుత్వం నియమించిన ఆరోగ్య సేవల పునర్వ్యవస్థీకరణ సంఘం, ఒట్టావాలోని మాంట్‌ఫోర్ట్ ఆసుపత్రిని మూసివేయాలని ఆదేశించింది. ఆంటారియోలో ఫ్రెంచిలో వైద్యం చేస్తూ ఫ్రెంచిలో వైద్యులకు, నర్సులకు శిక్షణనిచ్చే ఆసుపత్రి అదొక్కటే. వానియేకు మేయరుగా పనిచేసిన జిజెల్ లలోండ్ అనే మహిళ ఉద్యమానికి నాయకత్వం వహించారు. 1997 మార్చి 22న ఒట్టావాలో జరిగిన సభకు సుమారు 10,000 మంది వచ్చారు. సభలతో పాటు వ్యాజ్యమూ నడిచింది. 1999లో డివిజనల్ న్యాయస్థానం, 2001 డిసెంబరు 7న ఆంటారియో అప్పీలు న్యాయస్థానం ఆసుపత్రి పక్షాన తీర్పునిచ్చాయి.

ఆ అప్పీలు తీర్పు ఆధారపడినది రెండింటి మీద. ఒకటి, అల్పసంఖ్యాకుల రక్షణ కెనడా రాజ్యాంగానికి మూలసూత్రమని 1998లో ఆ దేశ సుప్రీం కోర్టు చెప్పిన మాట. రెండవది, 1986 నాటి ఫ్రెంచి భాషా సేవల చట్టం. మాంట్‌ఫోర్ట్ ఆ చట్టం కింద నిర్దేశితమైన సంస్థ. అటువంటి సంస్థ సేవలను తగ్గించాలంటే, అది సహేతుకమని, అనివార్యమని ప్రభుత్వమే చూపించవలసి ఉంటుంది. సంఘం ఆ పని చేయలేదు. ఈ చట్టానికి ఒక పీఠిక కూడా ఉన్నది: ఫ్రెంచి ఆంటారియోలో చారిత్రకమైన, గౌరవనీయమైన భాష అని, ఆ సంస్కృతిని రాబోయే తరాలకు భద్రపరచాలన్నది శాసనసభ ఆకాంక్ష అని. పీఠికలను అలంకారాలుగా భావించే మన న్యాయవాద మిత్రులు గమనించాలి. ఆ వాక్యాలు ఒక ఆసుపత్రిని నిలబెట్టడంలో పాలుపంచుకొన్నాయి. 1986లో ఆ బిల్లుకు చేతులెత్తిన సభ్యులకు ఈ ఆసుపత్రి తలపులోనైనా ఉండి ఉండదు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 2007లో ఏర్పడిన ఫ్రెంచి సేవల కమిషనరు స్వతంత్ర కార్యాలయాన్ని 2018 నవంబరులో డగ్ ఫోర్డ్ ప్రభుత్వం రద్దు చేయబూనింది. ఫ్రెంచి విశ్వవిద్యాలయ ప్రణాళికను ఆపివేసింది. అమాండా సిమార్డ్ అనే యువ శాసనసభ్యురాలు అధికార పక్షాన్ని విడిచి బయటికి వచ్చారు. డిసెంబరు 1న ప్రావిన్సు అంతటా సుమారు 40 చోట్ల 14,000 మంది వీధుల్లోకి వచ్చారు. విశ్వవిద్యాలయం దక్కింది, 2021లో తొలి విద్యార్థులు చేరారు. కమిషనరు స్వతంత్ర కార్యాలయం మాత్రం దక్కలేదు. అదే 2021లో మూల చట్టాన్ని సవరించి, పౌరుడు అడిగే దాకా ఆగక అధికారే ముందుగా ఫ్రెంచి సేవ ఉన్నదని తెలియజేయాలన్న నియమాన్ని చేర్చారు. అడగడానికి బిడియపడేవాడు ఎన్నడూ అడగడని గుర్తించడానికి 35 ఏళ్ళు పట్టిందన్నమాట.

ఇక మన సంగతి. మనకు రాజ్యాంగ రక్షణలకు కొదవ లేదు. 29, 30 అధికరణాలు సంస్కృతికి, విద్యాసంస్థలకు రక్షణనిస్తాయి. 1956లో ఏడవ సవరణ ద్వారా 350ఎ, 350బి చేరాయి; మొదటిది మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి, రెండవది భాషా అల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారి గురించి. 15 శాతానికి మించి అల్పసంఖ్యాకులున్న చోట ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలోనూ వెలువరించాలన్న ఏర్పాటు ఉన్నది. తరగతిలో 10 మంది, లేదా పాఠశాలలో 40 మంది ఉంటే మాతృభాషా బోధన జరగాలన్న సూత్రం 1949 నాటిది. అయితే ఈ అంకెలలో అధిక భాగం తీర్మానాలలో, ఉత్తరాలలో, సమావేశ నిర్ణయాలలో ఉన్నాయి. ఉత్తర్వు మరచిన అధికారిని న్యాయస్థానంలో నిలబెట్టడానికి అవి చట్టమంత బలంగా పనికిరావు. ప్రత్యేకాధికారి నివేదిక రాష్ట్రపతికి, అక్కడి నుండి పార్లమెంటుకు చేరుతుంది. గుమాస్తా బల్లకు చేరదు.

ప్రాంతం పేరు చెప్పి, భాష పేరు చెప్పి చట్టం చేయడం మన దేశంలో అసాధ్యమని అనేవారికి యానాం సమాధానం. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టం తమిళాన్ని అధికార భాషగా నిర్ణయిస్తూనే, యానాంలో తెలుగును, మాహేలో మలయాళాన్ని వాడుకొనే వీలు కల్పించింది. ఇటువంటి పట్టికను ఇతర సరిహద్దు తాలూకాలకూ కోరడం వేర్పాటు కాదు, రాజద్రోహం అంతకన్నా కాదు.

అదే నోటితో మరొక మాట చెప్పక తప్పదు. చిత్తూరు సీమలోని తమిళ కుటుంబానికి, మడకశిరలోని కన్నడ కుటుంబానికి, శ్రీకాకుళం సరిహద్దులోని ఒడియా కుటుంబానికి, ఆదిలాబాదులోని మరాఠీ కుటుంబానికి తెలుగు రాష్ట్రాలు ఏమి ఇస్తున్నాయో, దానినే మన ఎదుట పెట్టి పొరుగు రాష్ట్రాలు మాట్లాడతాయి. క్యుబెక్ బోర్డుల శాసనం ఆంటారియో ఫ్రెంచివారికి ఏమి తెచ్చిపెట్టిందో చూశాము. మనం కోరే చట్టాన్ని మనవారు కూడా తమ గడ్డపై చేయాలని అడగడం మన బాధ్యత.

మంచి చట్టం వచ్చే దాకా చేతులు కట్టుకొని కూర్చోవలసిన పని లేదు. ప్రతి కుటుంబమూ ఈ మాసంలో ఒక్క పని చేయవలసిందిగా కోరుతున్నాను. మీకు ప్రభుత్వంతో ఏదైనా ఫిర్యాదు ఉంటే దానిని తెలుగులో రాయండి. అర్జీ పైభాగాన, రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం సమర్పించడమైనదని అక్కడి భాషలో ఒక వాక్యం చేర్చండి. గుమాస్తా చదవగల భాషలో అతనికి ఆ సంగతి చెప్పినట్లవుతుంది. అందినట్లు ముద్ర, తేదీ వేయించుకొని నకలు దాచుకోండి. తిరస్కరిస్తే ఆ తిరస్కారాన్నే కాగితం మీద ఇమ్మని మర్యాదగా అడగండి. మాంట్‌ఫోర్ట్ వ్యాజ్యం గెలిచినది ఉపన్యాసాల వల్ల మాత్రమే కాదు, కాగితాల వల్ల.

మా పెద్దాయన పొలం హద్దుల తగవు తరువాత తీరింది. తెలుగులో రాసిన ఆ మొదటి అర్జీని మాత్రం ఆయన పారవేయలేదు, నాకిచ్చారు. మడతలు పడిన ఆ కాగితం నా కార్యాలయంలో ఉన్నది. దాని మీద అందినట్లు ముద్ర లేదు. ఆ ముద్ర పడే రోజు కోసమే ఈ పత్రిక, ఈ ఉద్యమం.